ఎకరం పాలీహౌస్ కన్నా రెండు గుంటల నీడ మేలు

చేవెళ్ల దాటి లోపలి ఊళ్లకు పోతుంటే ఒకచోట కొత్తవాళ్లెవరైనా బండి ఆపి చూస్తారు. ఎకరం నిండా ఇనుప పైపులు వరసగా నిలబడి ఉంటాయి. పైన షీటు లేదు, పక్కన వల లేదు. ఆ పైపుల మీదికి కాకర తీగ ఎగబాకి ఉంది. ఒక మూల ఇంటివాళ్ల బట్టలు ఆరేసి ఉంటాయి. పదేళ్ల కింద అది పాలీహౌస్. లోపల ఎర్రవి, పసుపువి జెర్బెరా పూలు పూసేవి. తెల్లారేసరికి బకెట్లలో పూలు సర్దుకుని ఆటో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు బయల్దేరేది.

ఆ రైతు నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఆయన పాలీహౌస్ వేయడంలో నాకూ వాటా ఉంది. 2015లో ఇలాంటి పేజీలోనే నేను రాశాను, ఎకరం పాలీహౌస్‌లో పూలు వేస్తే ఏడాదికి లక్షలు మిగులుతాయని. ఆ లెక్క నాకు చెప్పింది పాలీహౌస్‌లు కట్టే ఒక కంపెనీ మనిషి. ఖర్చు ఎంత, అప్పు ఎంత, షీటు చిరిగితే ఎవరు పెట్టుకోవాలి అని నేను అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. ఫొటో బాగా వచ్చింది, వార్త బాగా పడింది. ఆయన ఆ కాగితం కత్తిరించి పాస్‌బుక్కు కవర్‌లో దాచుకున్నాడు. మొన్న వెళ్లినప్పుడు తీసి చూపించాడు. కోపంగా కాదు, మామూలుగానే. అదే ఎక్కువ బాధగా ఉంది.

రెండున్నర ఎకరాల రైతు. ప్రభుత్వం పెద్ద సబ్సిడీ ఇస్తామంది. తన వాటా కోసం బ్యాంకులో భూమి కుదువపెట్టాడు. మొదటి రెండేళ్లు ఫర్వాలేదు. 2018 వేసవిలో గాలిదుమారం వచ్చి పైషీటు సగం లేచిపోయింది. మళ్లీ అప్పు చేసి వేయించాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లిళ్లు ఆగాయి, గుళ్లు మూశారు, మార్కెట్ మూశారు. పూలు ఆగవు కదా, రోజూ పూస్తూనే ఉంటాయి. కోయకపోతే మొక్క పాడవుతుంది. కోసి గట్టు మీద కుప్ప పోశాడు.

"సారూ, చేతితోని పెంచిన పూలు పారబోసుడు ఎట్లుంటదో ఎరుకనా? ఇంట్ల పెండ్లి ఆగిపోయినట్టుంటది" అన్నాడు.

తర్వాత ఎకరం అమ్మి బ్యాంకు బాకీ తీర్చాడు. ఇప్పుడు మిగిలింది ఎకరంన్నర. అందులో ఎకరం మీద ఆ పైపులే ఉన్నాయి. "కాకరకన్నా అక్కరకొచ్చినయి" అని నవ్వాడు.

ఇది ఒక్కడి కథే అనుకుంటే రాయాల్సిన పని లేదు. ఇప్పుడు మళ్లీ పాలీహౌస్‌లు, ఇంటిలోపలి సేద్యం, నీళ్లలో సాగు అంటూ సభల్లో మాటలు జోరుగా వినపడుతున్నాయి. ఆహార భద్రతకు ఇదే దారి అంటున్నారు. మాట మంచిదే. అయితే ఎవరి ఆహారం, ఎవరి భద్రత అన్నది ఒకసారి లెక్క వేసుకుని చూడాలి. పోయినసారి లెక్క వేయకుండా రాశాను కాబట్టి ఈసారి లెక్కతోనే మొదలుపెడతాను.

లెక్క ఇదీ

ముందుగా కొలత. గుంట అంటే సుమారు 100 చదరపు మీటర్లు. 40 గుంటలు ఎకరం. ఉద్యానశాఖ కాగితాల్లో అంతా చదరపు మీటర్లలో ఉంటుంది కాబట్టి ఇది గుర్తుంచుకుంటే చాలు.

కేంద్ర ప్రభుత్వం ఉద్యాన పంటలకు 2005-06లో జాతీయ ఉద్యాన మిషన్ పెట్టింది. 2014-15 నుంచి దాన్ని సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో కలిపారు. ఆ 2014 మార్గదర్శకాల ప్రకారం, గాలి తనంతట తాను వచ్చిపోయే ఇనుప పైపుల పాలీహౌస్‌కు పెద్ద సైజులో అయితే చదరపు మీటరుకు 844 రూపాయలు అంచనా ఖర్చు. ఒక్కో రైతుకు 4,000 చదరపు మీటర్ల వరకు, అంటే దాదాపు ఎకరం వరకు, అందులో సగం సబ్సిడీ. గుణించి చూడండి. 33 లక్షల 76 వేలు అవుతుంది. సగం ప్రభుత్వానిది, సగం రైతుది. రైతు వాటా 16 లక్షల 88 వేలు.

ఇది చిన్నరైతుకు అందేది కాదని తెలిసే తెలంగాణ ప్రభుత్వం 2014-15లో సబ్సిడీని 75 శాతానికి పెంచింది. హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లాల్లో వెయ్యి ఎకరాల్లో గ్రీన్‌హౌస్‌లు వేయించాలని బడ్జెట్‌లో 250 కోట్లు పెట్టింది. తర్వాత ఎస్సీ, ఎస్టీ రైతులకు 95 శాతం అన్నారు. ఉద్దేశం మంచిదే, కాదనడం లేదు. కానీ 75 శాతం పోయినా రైతు వాటా 8 లక్షల 44 వేలు. దీనికి నేల చదును, మొక్కలు, ఎరువు, కూలీ అదనం. రాష్ట్రంలో ఒక్కో కమతం సగటు విస్తీర్ణం 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రప్రదేశ్‌లో అంతకన్నా తక్కువ, 0.94 హెక్టారు. దేశం మొత్తం మీద నూటికి 86 మంది సన్న, చిన్నకారు రైతులే. వీళ్లలో ఎనిమిది లక్షలు చేతిలో పట్టుకుని ఉద్యానశాఖ ఆఫీసు మెట్లెక్కేవాడు ఎవరు? ఎక్కితే భూమి తాకట్టు పెట్టి ఎక్కాలి, మన చేవెళ్ల రైతులా.

ఇక ఆ లెక్కనే రెండోవైపు నుంచి చూడండి. అదే మార్గదర్శకాల్లో, అదే పట్టికలో కొంచెం కిందికి వస్తే వెదురుతో కట్టే షేడ్‌నెట్ కూడా ఉంది. చదరపు మీటరుకు 360 రూపాయలు. ఒక యూనిట్ 200 చదరపు మీటర్లు, అంటే రెండు గుంటలు. మొత్తం 72 వేలు. కర్రలతో కట్టేదైతే మీటరుకు 492. ఇనుప పైపుల షేడ్‌నెట్ 710. ఇవన్నీ అప్పటి రేట్లు. 2025లో మార్గదర్శకాలు సవరించి రేట్లు పెంచారు. పెరిగినా ఒకదానికీ ఒకదానికీ ఉన్న తేడా పెద్దగా మారేది కాదు.

ఎకరం పాలీహౌస్‌కు 75 శాతం చొప్పున ఒక్క రైతుకు ఇచ్చే సబ్సిడీ 25 లక్షల 32 వేలు. అదే 75 శాతం చొప్పున వెదురు షేడ్‌నెట్‌కు ఇస్తే ఒక్కొక్కరికి 54 వేలు. అంటే ఆ ఒక్క ఎకరం డబ్బుతో 46 కుటుంబాలకు తలా రెండు గుంటల నీడ వస్తుంది. అన్నీ కలిపితే రెండెకరాల పైమాటే. రైతు చేతినుంచి పడేది 18 వేలు. ఒక గొర్రెపిల్లో రెండో అమ్మితే వచ్చే డబ్బు. భూమి తాకట్టు అక్కర్లేదు.

ఇది నేను కనిపెట్టిన కొత్త పథకం కాదు. ప్రభుత్వం కాగితం మీద ఉన్నదే. కానీ నేను తిరిగిన ఊళ్లలో వెదురు షేడ్‌నెట్‌కు సబ్సిడీ ఉందని తెలిసిన రైతు ఒక్కరూ కనపడలేదు. పాలీహౌస్ సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఎందుకంటే దాన్ని అమ్మే కంపెనీ మనిషి ఊరికి వస్తాడు, వెదురు కట్టేవాడి తరఫున ఎవరూ రారు.

ఆహారం అన్నది ఎక్కడ?

ఆహార భద్రత అనగానే మనకు బియ్యమే గుర్తుకొస్తుంది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. ఇప్పుడు మన రాష్ట్రంలో రేషన్ కార్డుంటే మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, 2025 ఉగాది నుంచి. బియ్యం సంగతి చాలావరకు తీరింది. బియ్యం, గోధుమ, జొన్న పాలీహౌస్‌లో పండించేవి కావు, పండించినా గిట్టవు. కాబట్టి గ్రీన్‌హౌస్‌తో ఆహార భద్రత అంటే అర్థం ఒకటే: కూరగాయలు, ఆకుకూరలు.

అక్కడే మన కొరత ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57.6 మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో 58.8. అయిదేళ్ల లోపు పిల్లల్లో అయితే తెలంగాణలో నూటికి 70. మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిందేమిటంటే, మనిషి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలి, అందులో ఆకుకూర 100 గ్రాములు ఉండాలి. పల్లెలో మే నెలలో ఎవరింట్లో రోజుకు అంత కూర వండుతున్నారు? ఎండాకాలం పచ్చడి, పప్పు, చింతపులుసు మీదే గడుస్తుంది. కూరగాయలు పండించే రైతు ఇంట్లో కూడా అంతే.

మరి సబ్సిడీ పాలీహౌస్‌లలో ఏం పండింది? మన జిల్లాలో ఎక్కువగా జెర్బెరా, గులాబీ, చామంతి. కొందరు రంగుల క్యాప్సికం, విత్తనం లేని కీరదోస. పూలు పెళ్లి మండపాలకు, క్యాప్సికం పెద్ద హోటళ్లకు. పూల రైతును తప్పు పట్టడం లేదు. ఎనిమిది లక్షలు అప్పు చేసినవాడు పాలకూర వేస్తే వడ్డీ కూడా తీరదు. అంత ఖర్చుపెట్టి కట్టిన ఇంట్లో ఖరీదైన పంటే వేయాలి. అంటే ఈ పథకం ఎట్లా తయారైందంటే, రైతు ఆహారం పండించాలనుకున్నా పండించలేడు. ఆ తర్వాత ప్లాస్టిక్ పూలు వచ్చి మండపాల్లో అసలు పూల బేరం కూడా తగ్గించాయి.

ఇంటిలోపల దీపాల వెలుగులో అరలు అరలుగా ఆకుకూర పెంచే సేద్యం గురించి ఒక మాట చెప్పి వదిలేస్తాను. అమెరికాలో వందల కోట్ల పెట్టుబడితో వచ్చిన ఏరోఫామ్స్ 2023లో దివాలా పిటిషన్ వేసింది. బోవరీ 2024లో మూతపడింది. ప్లెంటీ 2025లో దివాలాకు పోయింది. ఎండ ఊరికే దొరుకుతుంటే కరెంటుతో ఎండ చేసుకోవడం అంత పెద్ద పెట్టుబడిదారులకే గిట్టలేదు. మనకు సభల్లో చూపించే బొమ్మల్లోనే బాగుంటుంది.

మన ఎండకు మన ఇల్లు

అసలు గ్రీన్‌హౌస్ పుట్టిందే చలిదేశాల్లో, లోపల వేడి నిలబెట్టడానికి. హాలెండ్‌లో గాజు ఇళ్లలో టమాటా పండిస్తారు. 2022లో గ్యాసు ధర పెరిగితే వేడి పెట్టుకోలేక అక్కడ కొందరు ఇళ్లు ఖాళీగా వదిలేశారు. మనకు తిప్పలు దానికి సరిగ్గా ఎదురు. ఏప్రిల్, మే నెలల్లో బయట 42 డిగ్రీలుంటే, గాలి ఆడక షీటు కప్పిన ఇంట్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. పైనుంచి మంచులా నీళ్లు చిమ్మే ఫాగర్లు పెట్టాలి, లేదా ఫ్యాన్లు, తడి మెత్తలు పెట్టాలి. ఫ్యాన్లు పెట్టేదానికి 2014 అంచనాలోనే చదరపు మీటరుకు 1,400 పైన. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అయింది మన పని.

అట్లని ప్లాస్టిక్ కింద సేద్యం చిన్నరైతుకు పనికిరాదని కాదు. స్పెయిన్ దేశంలో అల్మేరియా అనే జిల్లా ఉంది. ఏడాదికి అక్కడ పడే వాన సుమారు 200 మిల్లీమీటర్లు, మన అనంతపురంలో సగం కూడా కాదు. బీడు నేల, ఉప్పుతేలిన నీళ్లు. 1950ల నుంచి అక్కడి ప్రభుత్వం బోర్లు వేయించి, చిన్న చిన్న కమతాలుగా భూమి పంచింది. 1963లో అక్కడ మొదటి ప్లాస్టిక్ ఇల్లు వేశారు. అది ఎట్లా వేశారో తెలిస్తే మనవాళ్లు ఆశ్చర్యపోతారు. అక్కడ ద్రాక్ష పందిళ్లు ఉండేవి. కర్రలు పాతి, తీగెలు లాగిన పందిళ్లు. వాటి మీదనే ప్లాస్టిక్ కప్పారు. అంతే. ఎండాకాలం వేడి తగ్గడానికి ప్లాస్టిక్ మీద సున్నం నీళ్లు కొడతారు, ఇప్పటికీ. నేల మీద ఎరువు పరచి పైన ఇసుక పోస్తారు, తేమ ఆరిపోకుండా. ఇప్పుడు ఆ ఒక్క జిల్లాలోనే 30 వేల హెక్టార్ల పైన ఆ ఇళ్లున్నాయి. చాలావరకు కుటుంబాల సొంత కమతాలే. యూరప్‌కు చలికాలం కూరగాయలు అక్కడినుంచే పోతాయి.

అక్కడా అంతా బంగారం కాదు. భూమిలో నీళ్లు తోడేశారు, పాత ప్లాస్టిక్ గుట్టలుగా పడింది, బయటినుంచి వచ్చిన కూలీల బతుకు అధ్వానంగా ఉందని అక్కడివాళ్లే చెబుతున్నారు. మనం తీసుకోవాల్సింది ఒక్కటే. ఉన్న పందిరి మీదనే మొదలుపెట్టారు. ఖర్చు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయారు. మార్కెట్‌కు సహకార సంఘాలు, వేలం కేంద్రాలు పెట్టుకున్నారు. మొదటిరోజే పాతిక లక్షల ఇనుము తెచ్చి పాతలేదు.

మనకు పందిళ్లు కొత్తా? హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటలు ఎన్ని ఉండేవి! ద్రాక్ష పోయింది, రాతి కడీలు మిగిలాయి. ఆ కడీల మీదనే బీర, కాకర, ఆనప పాకించి ఎంతమంది బతికారో పాతవాళ్లను అడగండి. నేలమీద పారే బీరకు, పందిరి బీరకు కాయ నాణ్యతలో, దిగుబడిలో ఎంత తేడానో రైతుకు నేను చెప్పక్కర్లేదు. ఆ కడీల మీద నెట్టు కప్పితే నీడ పందిరి అవుతుంది.

రెండు గుంటల్లో ఏం జరుగుతుంది

షాబాద్ వైపు ఒక అక్క రెండు గుంటల్లో గ్రీన్‌నెట్ వేసుకుంది. ఆఫీసులో అడిగితే అట్లాంటి పథకం లేదన్నారట. తానే జామాయిల్ కర్రలు, వెదురు తెచ్చి, ఇంటాయన, కొడుకు కలిసి కట్టారు. నెట్టుకు, కర్రలకు, తీగెకు కలిపి అరవై వేల లోపే అయిందంది. ఇంటిపక్కనే బావి నీళ్లు, నాలుగు డ్రిప్ పైపులు. కొత్తిమీర, పాలకూర, మెంతికూర, గంగవాయిలి. ఎండ ముదిరాక బయట చేన్లో కొత్తిమీర మొలకెత్తదు, మొలిచినా మాడిపోతుంది. సగం ఎండ ఆపే నెట్టు కింద నిలబడుతుంది.

"ఎండకాలం కొత్తిమీర బంగారం లెక్క సారూ. వానకాలం పశువు గూడ ముట్టదు" అంది. ఎండాకాలం రెండు నెలల్లోనే పెట్టిన ఖర్చులో చాలా భాగం తేలిందట. అమ్మింది పోను ఇంట్లో రోజూ ఆకుకూర ఉడుకుతోంది. ఈ లెక్క ఏ ఆఫీసు రిజిష్టర్లోనూ ఎక్కదు. నా దృష్టిలో ఆహార భద్రత అంటే మొదట ఇదే.

నెట్టు కింద ఇంకో మంచి పని నారు పెంచడం. టమాటా, మిరప నారు మడిలో పోస్తే తెల్లదోమ వచ్చి నారులోనే ఆకుముడత తెగులు అంటిస్తుంది. నాటాక మందులు కొట్టి లాభం లేదు, తెగులు మొక్కతోనే వచ్చింది కదా. పక్కల 40 మెష్ పురుగు వల కట్టి, ట్రేలలో కొబ్బరిపొట్టు పోసి పెంచితే వేరు చెదరని, తెగులు లేని నారు వస్తుంది. టమాటా నారు 25 రోజులకు నాటుకు వస్తుంది. విత్తనం ఒక్కొక్కటి లెక్కపెట్టి వేస్తాం కాబట్టి హైబ్రిడ్ విత్తనం వృథా కాదు. ఊరికి ఇద్దరు ముగ్గురు ఇట్లా నారు పెంచి అమ్మినా ఊరంతటికీ మేలు. మహిళా సంఘాలకు ఇంతకన్నా తగిన పని లేదు.

హైదరాబాద్ నుంచే పనిచేస్తున్న ఖేతీ అనే సంస్థ చిన్నరైతుల కోసం చిన్న సైజు గ్రీన్‌హౌస్ తయారుచేసి 2022లో ఎర్త్‌షాట్ అనే అంతర్జాతీయ బహుమతి తెచ్చుకుంది. అది కూడా చిన్న ముక్కలో, వల కింద, కూరగాయలు పండించే పద్ధతే. మన దగ్గర పుట్టిన ఆలోచనను ప్రపంచం మెచ్చుకుంటే మన పథకాలు ఇంకా ఎకరం ఇనుము దగ్గరే ఆగాయి.

ఇబ్బందులు లేవని నేను చెప్పను, ఒకసారి చెప్పి అనుభవించాను. వెదురు మూడు నాలుగేళ్లకు మార్చుకోవాలి. నెట్టూ అంతే, గాలికి బిగువు తగ్గకుండా ఎప్పటికప్పుడు కట్టుకోవాలి. ఒకేచోట కీర తర్వాత కీర, టమాటా తర్వాత టమాటా వేస్తే వేళ్లలో నులిపురుగులు చేరతాయి. పాలీహౌస్ రైతులు చాలామంది దెబ్బతిన్నది దీనివల్లనే. మధ్యలో బంతి వేయాలి, వేపపిండి వేయాలి, ఎండాకాలం ఒకసారి నేల తడిపి పాలిథిన్ కప్పి ఎండబెట్టాలి. మరీ చిక్కటి నెట్టు వేస్తే వానాకాలం మొక్క సాగిపోయి తెగుళ్లు పట్టుకుంటాయి. పైనెట్టును అప్పుడు పక్కకు జరుపుకునేలా కట్టుకోవాలి.

ప్రభుత్వం ఏం చేయాలి

డబ్బు తక్కువ కాదు, పోయే దారి మారాలి. సబ్సిడీ నిధుల్లో కొంతభాగం అయిదు గుంటల లోపు వేసుకునే సన్న, చిన్నకారు రైతులకని ముందే పక్కన పెట్టాలి. వాళ్లు పూర్తయ్యాకే పెద్దవాళ్ల ఫైలు ముట్టాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. ఒక్క ఎకరం ఫైలు పాసయితే లక్ష్యం లెక్కలో 4,000 మీటర్లు పూర్తి. రెండు గుంటల ఫైళ్లు ఇరవై రాస్తేగాని అంత కాదు. అధికారికి ఏది సులువో వేరే చెప్పాలా? అందుకే లక్ష్యాన్ని మీటర్లలో కాదు, రైతుల సంఖ్యలో పెట్టాలి.

కంపెనీ ద్వారానే కట్టించాలన్న నిబంధన వెదురుకు, కర్రకు పనికిరాదు. ఊళ్లో మేదరివాళ్లున్నారు, వడ్రంగి ఉన్నాడు. రైతు కట్టుకున్నాక అధికారి వచ్చి కొలిచి, ఫొటో తీసి, నెల తిరక్కుండా డబ్బు ఖాతాలో వేయాలి. సబ్సిడీ వస్తుందన్న నమ్మకంతో వడ్డీకి తెచ్చి కట్టి, ఏళ్లతరబడి బిల్లు కోసం తిరిగినవాళ్లను నేను చూశాను. సబ్సిడీ కన్నా వడ్డీ ఎక్కువైతే దాన్ని సబ్సిడీ అని ఎట్లా అంటాం?

పాస్‌బుక్కు లేదని కౌలురైతును వెనక్కి పంపుతున్నారు. ఇనుప పాలీహౌస్ సంగతి వేరు, పునాది పోసి నిలబెట్టేది. వెదురు పందిరి విప్పి ఇంకోచోట కట్టుకోవచ్చు. దానికి పట్టా ఎందుకు? కూరగాయలు పండించేవాళ్లలో కౌలుదార్లే ఎక్కువున్న ఊళ్లు మన జిల్లాలో ఉన్నాయి.

షీటు, నెట్టు చిరిగితే బీమా ఉండాలి, మార్చుకోవడానికి రెండోసారి సాయం ఉండాలి. కట్టినరోజు ఫొటో దిగి వెళ్లిపోయి, చిరిగినరోజు ఎవరూ రాకపోతే ఆ కట్టడం ఇనుప అస్థిపంజరంలా మిగిలిపోతుంది. ఉదాహరణ చేవెళ్ల పక్కనే ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం అమ్మకం. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో టమాటా కిలో 200కు దగ్గర పడింది. సెప్టెంబరుకల్లా పది రూపాయల లోపుకు దిగింది. అదే టమాటా, అదే మార్కెట్, రెండు నెలల తేడా. ధర ఇట్లా ఊగుతుంటే నెట్టు వేసుకున్నా రైతు నిలబడలేడు. ప్రభుత్వానికి సొంత గిరాకీ ఉంది కదా. ప్రతి ఊళ్లో అంగన్‌వాడీ ఉంది, బడిలో మధ్యాహ్న భోజనం ఉంది, హాస్టళ్లున్నాయి. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు పప్పు, ఆకుకూరతో భోజనం పెట్టాలని ఉంది. ఆ ఆకుకూర ఎక్కడినుంచి వస్తున్నది? చాలాచోట్ల పట్నం మార్కెట్ నుంచి. ఊళ్లో నెట్టు కింద పండించిన అక్క దగ్గరే వారానికి ఇన్ని కట్టలు, ఈ ధరకు అని ఏడాది ఒప్పందం చేసుకుంటే ఇటు రైతుకు ధర, అటు పిల్లలకు తాజా కూర. రక్తహీనతకు పెట్టే ఖర్చులో కొంత మిగులుతుంది కూడా. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, కూర ఎవరి దగ్గర కొనాలో ఒక ఉత్తర్వు చాలు.

పెద్ద రైతులు, చదువుకున్న కుర్రాళ్లు సొంత డబ్బుతో పాలీహౌస్‌లు వేసుకుంటే వేసుకోనీ. లాభపడినవాళ్లు కూడా ఉన్నారు, ఏమాటకామాట చెప్పుకోవాలి. మార్కెట్ చేతిలో ఉండి, రోజూ దగ్గరుండి చూసుకుని, రెండోపంటకే పంట మార్చినవాళ్లు నిలబడ్డారు. వాళ్ల పేరుతో పేదవాడి సబ్సిడీ పోకూడదన్నదే నా గోల.

ఇప్పుడు దరఖాస్తు పెట్టాలనుకుంటున్న రైతులకు ఒక మాట. మండల ఉద్యాన అధికారి దగ్గరికి వెళ్లి "పాలీహౌస్" అని అడగకండి. "వెదురు షేడ్‌నెట్ రెండు గుంటలు, కూరగాయలకు" అని పేరుపెట్టి అడగండి. ఈ ఏడాది చదరపు మీటరు రేటు ఎంత, సబ్సిడీ శాతం ఎంత, డబ్బు ఎన్ని రోజుల్లో వస్తుంది అని కాగితం మీద రాయించుకోండి. అట్లాంటిది లేదంటే, లేదని కూడా రాసివ్వమని అడగండి. ఆ కాగితం జిరాక్స్ మా జిల్లా కార్యాలయానికి పంపండి. ఎన్ని వస్తే అన్నీ ఈ పేజీలో వేస్తాం, ఈసారి లెక్కలతో సహా.